రోకలి పడేదాకా

“ఇది చంద్రగ్రహణం. సూర్యగ్రహణం కూడా కాదు. చంద్రుణ్ణి చూస్తే కళ్ళూ పోవు, కడుపూ పోదు. పిల్లని మేడ మీదకి రానీ.”

“రానివ్వనమ్మా. నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్క సాయంత్రం నోరు మూసుకుని కూర్చో.”

“మనవాళ్ళు చంద్రుడి మీద దిగారని ఆమధ్య టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టింది నువ్వు కాదూ?”

“అది వేరు. ఇది వేరు.”

“ఏంటే వేరు? ఆ చంద్రుడూ ఈ చంద్రుడూ వేరా?”

“ఆ చంద్రుడి మీదకి నా కూతురు వెళ్ళలేదు. ఈ చంద్రుడి కిందకి నా కూతురు వస్తానంటోంది. నా బతుకు ఎలా తగలడిందో చూసి కూడా ఆ మాట ఎలా అంటావమ్మా నువ్వు?”

ఇది మొన్న హోళీ పున్నమినాడు తాడేపల్లిగూడెంలో మా అమ్మాయి ఇంట్లో జరిగిన పోట్లాట. మా అమ్మాయి వంటింట్లో పచ్చడి జాడీల మీద, పెరుగు గిన్నె మీద, ఆఖరికి ఫ్రిజ్ మీద కూడా దర్భలు వేస్తోంది. నేను గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నాను. పోట్లాట ఎవరి గురించో ఆ మనిషి పక్కగదిలో తలుపు వేసుకుని కంప్యూటర్ ముందు ఉంది. అది మా మనవరాలు. హైదరాబాదులో ఉద్యోగం. ఆరో నెల వచ్చిందని తల్లి దగ్గరికి వచ్చి, ఇక్కడి నుంచే పని చేసుకుంటోంది. చిన్నప్పుడు పొట్టిగా ఉండేదని బుడ్డి అన్నాం. ఇప్పుడు నాకంటే జానెడు పొడవు, అయినా బుడ్డే. మా ఇద్దరికీ ఆకాశం పిచ్చి. ఏ దేశంవాడు ఏ రాకెట్టు వదిలినా దానికి ముందు తెలుస్తుంది, అరగంటలో నాకు ఫోన్‌లో వచ్చేస్తుంది. ఈ పున్నమికి చంద్రుడు పొడవడమే గ్రహణంతో పొడుస్తాడనీ, ఇద్దరం మేడ ఎక్కి చూద్దామనీ నెలరోజుల ముందే అనుకున్నాం. ఆ మాట దాని నోటి నుంచే వచ్చింది. నేను అడగలేదు.

ఆ రోజుల్లో, అంటే నా చిన్నతనంలో, మాకు ఆకాశం పొట్లాల్లో వచ్చేది. నేను మూడో తరగతి పుస్తకం సగంలో ఉండగా మా తమ్ముడు పుట్టాడు. వాణ్ణి ఎత్తుకోవడానికి ఇంట్లో ఒక మనిషి కావలసి వచ్చింది, ఆ మనిషిని నేనే అయ్యాను, దాంతో నా చదువు అయిపోయింది. కానీ అక్షరాలు వచ్చాక అవి ఊరుకోవు కదా. చింతలపూడి సంతలో మా నాన్న పప్పో బెల్లమో కొనుక్కొస్తే, సరుకు డబ్బాలో పోసి, పొట్లం కాగితం విప్పి, అరచేత్తో సాపు చేసి చదివేదాన్ని. చదివాక పొయ్యి రాజేయడానికి దాచేదాన్ని (మా ఇంట్లో ఏ వస్తువుకీ ఒక్క పనే ఉండేది కాదు). మనుషులు చంద్రుడి మీద దిగారన్న సంగతి, అది జరిగిన ఎన్ని నెలలకో, కందిపప్పుతో పాటు మా ఇంటికి వచ్చింది. అది కూడా సగమే. ఇద్దరు కిందకి దిగారు, మూడోవాడు పైనే తిరుగుతున్నాడు అన్నంత వరకూ ఉంది. అక్కడ కాగితం చిరిగిపోయింది. ఆ పైవాడు కిందవాళ్ళని మళ్ళీ ఎక్కించుకున్నాడో, విసుగొచ్చి వదిలేసి వచ్చేశాడో నాకు చాలా కాలం తెలియదు. పున్నమి వచ్చినప్పుడల్లా పైకి చూసి, పాపం, ఇంకా అక్కడే ఉన్నారేమో, అన్నం ఎవరు పెడుతున్నారో అనుకునేదాన్ని. చివరికి ఎప్పుడో అటుకుల పొట్లంలో తెలిసింది, ముగ్గురూ క్షేమంగా ఇళ్ళకి చేరారని. ఆ సంతోషంలో తమ్ముణ్ణి చంక దింపి గెంతాను. వాడు ఏడిస్తే మా అమ్మ నాకు రెండు తగిలించింది. ప్రపంచంలో ఆ వార్తకి దెబ్బలు తిన్నది నేనొక్కదాన్నే అయివుంటాను.

ఇప్పుడు పొట్లాలు లేవు, అన్నిటికీ ప్లాస్టిక్ కవర్లే, వాటి మీద చదవడానికి ఏమీ ఉండదు. ఫోన్ ఉంది. దానికి నేను డబ్బులు వేయించుకోను, మా అమ్మాయి ఇంట్లో వైఫైలోనే చూస్తాను. చూసినంత మేరకు నా అభిప్రాయాలు నాకున్నాయి. రాకెట్టు పైకి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, బయల్దేరిన చోటే నిటారుగా నిలబడుతోంది. దాన్ని కడిగి మళ్ళీ వాడుతున్నారు. ఇన్నాళ్ళకి వాళ్ళకి సంసారం చేయడం వచ్చింది. పైన తిరిగే ఆ స్టేషన్‌లో చెమటనీ, ఉచ్చనీ కూడా శుభ్రం చేసి తాగే నీళ్ళు చేసుకుంటారట. మా అమ్మాయి ఛీ అంది. నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది. మా అమ్మాయి ఇంట్లో ఫిల్టరు ఒక బిందె మంచినీళ్ళు ఇవ్వడానికి రెండు బిందెలు కాలవలోకి వదులుతుంది. మన కుర్రాడు ఒకడు అక్కడికి వెళ్ళి మెంతులూ పెసలూ మొలకెత్తించి వచ్చాడని దేశమంతా చెప్పుకుంది. నేను నలభై ఏళ్ళుగా తడిగుడ్డలో మూటగట్టి మొలకెత్తిస్తున్నాను, ఒక్కరూ ఫోటో తీయలేదు. వారం పది రోజులకని వెళ్ళిన ఇద్దరు, బండి చెడిపోయి, తొమ్మిది నెలలు పైనే ఉండిపోయారు. వాళ్ళలో ఒకరు ఆడమనిషి. దిగాక ఆవిణ్ణి అందరూ అడిగారు, అన్నాళ్ళు ఎలా ఉండగలిగారండీ అని. నాకు నవ్వొచ్చింది. నన్ను నెలలో పుట్టింటికి పంపుతామని తీసుకెళ్ళి ఏడాదిన్నర పంపలేదు, నన్నెవరూ అడగలేదు. ఇక డబ్బున్న ఆడవాళ్ళు కొందరు పది నిమిషాలు పైకెళ్ళి, జుట్టు గాలిలో తేలేసుకుని, దిగాక నేల మీద పడి ముద్దు పెట్టుకున్నారు. భూమిని ముద్దు పెట్టుకోవాలని ఉంటే మా కొల్లేరు వైపు నాట్ల రోజుల్లో రమ్మనండి, పొద్దున్నించీ సాయంత్రం దాకా పెట్టుకోవచ్చు, టిక్కెట్టు లేదు.

ఇవన్నీ మా అమ్మాయి కూడా చూస్తుంది. చూసి, ఆ చేత్తోనే దర్భలు తెప్పిస్తుంది. అదే నాకు కడుపుమంట. అయితే అది ఉత్తినే భయపడే మనిషి కాదు. దాని భయానికి ఒక కారణం ఉంది, ఆ కారణం పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను, అదీ అక్కడే ఉంది. కాకపోతే నా కడుపులో ఉంది.

నేను అత్తవారింటికి వెళ్ళిన రెండో ఏడు. ఆకివీడుకి ఇవతల, కొల్లేటి ఒడ్డున ఊరు. వానాకాలం రోడ్డు నీళ్ళలోకి పోతుంది, ఎండాకాలం నీళ్ళు రోడ్డు వదిలి పోతాయి. ఎనభయ్యో సంవత్సరం, శివరాత్రి వెళ్ళాక వచ్చిన అమావాస్యనాడు, పట్టపగలు సూర్యగ్రహణం అన్నారు. మా పుట్టింటి వైపు మెట్టలో సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడనీ, మధ్యాహ్నమే చుక్కలు కనపడతాయనీ, మా వైపు మాత్రం చిన్న అంచు మిగిలిపోతుందనీ పొట్లాల్లో చదివాను. పుట్టింటికి పంపమని అడిగాను. కడుపుతో ఉన్న మనిషిని గ్రహణం ముందు ఊరు దాటిస్తారా అన్నారు. పోనీ ఇక్కడే చూస్తాను, పొగచూరిన గాజుముక్క ఉంటే చాలు అన్నాను. ఆ మాటకి ఇంట్లో వాళ్ళందరూ నా వైపు ఎలా చూశారంటే, ఆ చూపు కన్నా గ్రహణమే నయం అనిపించింది. నాకు ఇరవై ఏళ్ళు. అలాంటిది నా జన్మలో మళ్ళీ మా గడప ముందుకి రాదని నాకు తెలుసు. చూడాలి, అంతే. ఆ ‘అంతే’ని అర్థం చేసుకునేవాళ్ళు ఆ ఇంట్లో లేరు.

మా మామగారిని ఊళ్ళో పంచాంగం అనేవారు. ఆయన చెప్పందే మా ఇంట్లో కుండ కూడా పొంగదు. ఆయన పొద్దున్నించే ఏర్పాట్లు మొదలుపెట్టారు. పచ్చళ్ళకి దర్భలు, ధాన్యానికి దర్భలు, గేదె కొమ్ముకి ఒక దర్భ. సావిడి వెనక ధాన్యం గదిలో నాకు నులకమంచం వేయించి, కిటికీకి గోనెసంచులు కొట్టించి, తలుపు సందుల్లో పాతగుడ్డలు కుక్కించారు. అది అయ్యాక సావిట్లో ఇత్తడి పళ్ళెం పెట్టి, నీళ్ళు పోసి, మధ్యలో రోకలి నిలబెట్టారు. గ్రహణం పట్టి ఉన్నంతసేపూ రోకలి తనంతట తానే నిలబడుతుంది, విడవగానే పడిపోతుంది. రోకలి పడితేనే విడుపు, పడేదాకా ఎవరూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు, నేను మంచం దిగకూడదు. అది ఆయన సైన్సు. (మా రోకలి అడుగున వెడల్పాటి ఇనప పొన్ను ఉండేది. అది గ్రహణానికే కాదు, ఎవరి పెళ్ళికైనా నిలబడేది. ఈ మాట అప్పుడు అనలేదు, ఇప్పుడు అంటున్నాను.)

నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళూ చేతులూ చాపించి, కాపలాకి మా అత్తగారిని పెట్టారు. ఆవిడ లోపలికి వచ్చి, తలుపు మూసి, పీట వేసుకుని కూర్చున్నారు. బయట నుంచి మామగారు గడియ పెట్టారు.

“వేలు కూడా కదపకు. నువ్వు ఏది వంచితే పిల్లకి అది వంకర. ఏది గోకితే అక్కడ మచ్చ,” అన్నారు అత్తగారు.

“దురదేస్తేనండీ?”

“ఓర్చుకో.”

“చెవిలో చీమ దూరితే?”

“ఎందుకు దూరుద్ది? దానికి మాత్రం తెలీదా గ్రహణమని?”

చీమకున్న జ్ఞానం నాకు లేదన్నది అందులో ఉన్న అర్థం. నేను నోరు మూసుకుని పైకి చూస్తూ పడుకున్నాను. అప్పుడు తెలిసింది, మామగారు కిటికీ చూశారు, తలుపు చూశారు, కప్పు వైపు చూడలేదని. మాది పెంకుటిల్లు. అంతకు ముందు వచ్చిన గాలివానకి పడమటి వాలులో పెంకులు జరిగి, సన్న సన్న సందులు పడ్డాయి. ఆ సందుల్లోంచి ఎండ దిగి నేల మీద గుండ్రంగా పడుతోంది. రూపాయి బిళ్ళ కంటే కొంచెం పెద్దవి, ఓ అరడజను దాకా ఉంటాయి. రోజూ పడేవే. ధాన్యం తీయడానికి వెళ్ళినప్పుడల్లా వాటిని తొక్కుకుంటూ తిరిగేదాన్ని. ఎప్పుడూ చూడలేదు.

కాసేపటికి వాటిలో ఒకదానికి అంచు కొరికినట్టయింది. పెంకు మీద కాకి వాలిందేమో అనుకున్నాను. పక్కదాన్ని చూశాను, దానికీ అదే వైపు అదే కాటు. అన్నిటికీ. గుండ్రంగా ఉన్నవన్నీ ఒక్కసారిగా, ఒక్క పద్ధతిలో తరుగుతున్నాయి. నాకు ఒళ్ళు జలదరించింది (కదలకూడదు కాబట్టి అది కూడా ఆపుకున్నాను). పైన సూర్యుడికి ఏమవుతోందో అదే మా ధాన్యం గదిలో నేల మీద అవుతోంది. నన్ను చూడనివ్వకూడదని ఊరంతా తలుపులు మూసుకుంటే, సూర్యుడు కప్పు దిగి నా మంచం దగ్గరికి వచ్చాడు.

“ఏంటా చూపు? కళ్ళు మూసుకో,” అన్నారు అత్తగారు.

“నేల మీద చూడండి అత్తయ్యగారూ.”

“నేను చూడను.”

“సూర్యుడండి.”

“సూర్యుడు మన ధాన్యం గదిలో ఉంటాడా, పిచ్చిమొహమా,” అంటూనే చూశారు.

చప్పున లేచి, చీర కుచ్చెళ్ళు పట్టుకుని, వాటిలో ఏదీ కాలికి తగలకుండా గది మూలకి వెళ్ళిపోయారు. నేలంతా నెలవంకలు. అవి ఊరికే లేవు, పొద్దు వాలుతున్న కొద్దీ మెల్లగా మంచం వైపు జరుగుతున్నాయి. ఆ సంగతి మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

“అమ్మాయ్, జరుగు. నీ మీదకి వచ్చేస్తున్నాయి, జరుగు.”

“కదలకూడదన్నారు కదండీ.”

“అదే, కదలకుండా జరుగు.”

కదలకుండా ఎలా జరగాలో ఆవిడకీ తెలియదు, నాకూ తెలియదు. గోనెసంచి తెచ్చి కప్పుదామంటే అవన్నీ కిటికీకి కొట్టేశారు. కిటికీది పీకితే ఇంకా పెద్ద గ్రహణం లోపలికి వస్తుంది. పిలుద్దామంటే మామగారు బయట జపంలో ఉన్నారు. నెలవంకలు మంచం కోడు ఎక్కాయి, నులక ఎక్కాయి, నా చీర అంచు ఎక్కాయి. కడుపు మీదకి మొదటిది వచ్చేసరికి అత్తగారు ఒక్క అంగలో వచ్చి అరచెయ్యి అడ్డం పెట్టారు. అది ఆవిడ చేతిలో పడింది.

ఆవిడ చేతులు నాకు బాగా తెలుసు. ఊడుపులకీ, పేడకీ, చేపల పొలుసుకీ అరిగిన చేతులు. ఆ చేతిలో సన్నటి వెలుగు, గోరు తీసి పారేసిన ముక్కంత. ఆవిడ చెయ్యి కొంచెం దించారు, అది పెద్దదయింది. కొంచెం ఎత్తారు, చిన్నదయింది. నా వైపు చూడలేదు. బయట వెలుగు బూడిదరంగుకి తిరిగింది. పట్టపగలు కోళ్ళు గంప వెతుక్కుంటున్నాయి, కొల్లేటి మీంచి బాతులు ఒకటే గోల.

“ఇంతేనా ఈయన,” అన్నారు అత్తగారు, తనలో తను. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు.

చెయ్యి నొప్పెట్టి మార్చుకున్నారు. రెండోది కూడా నొప్పెట్టింది. ఆ తర్వాత దించేశారు. నెలవంకలు వచ్చి నా కడుపు మీద పడ్డాయి, నేను ఊపిరి పీల్చినప్పుడల్లా అవి పైకీ కిందకీ ఊగాయి. ఆవిడ మంచం పట్టె మీద కూర్చున్నారు. కళ్ళు మూసుకోమనలేదు. అత్తా కోడళ్ళం ఒకే వస్తువుని చూస్తూ అలా పోట్లాడుకోకుండా కూర్చోవడం మా కాపురంలో అదే మొదలు, అదే ఆఖరు.

మెల్లగా అవి నిండాయి. మళ్ళీ ఎండ, మళ్ళీ గుండ్రం. అప్పటికి అవి నన్ను దాటి వెనక గోడ ఎక్కేశాయి. అయిపోయిందని మా ఇద్దరికీ తెలుసు. బయట మాత్రం అవలేదు, ఎందుకంటే రోకలి పడలేదు. గేదె అరుస్తోంది, మా ఆయన ఆకలని సావిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు, పక్కింటివాళ్ళు స్నానాలు కూడా చేసేశారు. మామగారు మాత్రం రోకలి ఎదుట బాసింపట్టు వేసుకుని కూర్చుని, “ఇంకా పట్టు వదల్లేదు, చూడండి ఎలా నిలబడిందో,” అంటున్నారు. రేడియో పెడదామని మా ఆయన అంటే, రేడియోకి ఏం తెలుసన్నారు. పొద్దు కొబ్బరిచెట్ల కిందకి దిగిపోతోంది. నేను ఇంకా వెల్లకిలానే ఉన్నాను, నడుము రెండు ముక్కలైపోయింది.

అత్తగారు తలుపు తట్టి, గడియ తీయించుకుని, తలుపు తెరిచే ఉంచి బయటికి వెళ్ళారు. పడుకున్న చోటి నుంచి నాకు సావిడి కనపడుతోంది. ఆవిడ పళ్ళెం పక్క నుంచి నడుస్తూ, మామగారు కళ్ళు మూసుకున్న క్షణం చూసి, కాలి బొటనవేలితో రోకలిని ఇంతే, అలా తాకారు. అది ఢామ్మని పడింది. నీళ్ళు మామగారి పంచె మీద చిందాయి.

“పడిందండి,” అన్నారు అత్తగారు, ఏమీ ఎరగనట్టు.

“చెప్పానా,” అన్నారు మామగారు. “గడియ కూడా తేడా రాలేదు.”

కథ ఇక్కడ ఆగిపోతే ఎంత బాగుండేది. ఆ సంతోషం పట్టలేక నేను మా ఆయనకి చెప్పాను, నా కడుపు మీద సూర్యుడు ఊగాడని. ఆయన కడుపులో మాట నిలవదు. ఆ వారంలోనే మామగారి చెవిన పడింది. సావిట్లో నన్ను నిలబెట్టి అడిగారు. కడుపు మీద వెలుగు చుక్కలు పడ్డ మాట నిజమే అన్నాను. అత్తయ్యగారు కూడా చూశారు, అడగండి అన్నాను. అత్తగారు బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. తల ఎత్తలేదు.

“నేనెక్కడ చూశానండీ. నేను కళ్ళు మూసుకుని రామనామం చేసుకుంటున్నాను,” అన్నారు.

ఆవిడ పోయేదాకా ఆ మాట మీదే ఉన్నారు. నేనూ రెట్టించి అడగలేదు. ఆ ఇంట్లో, ఆయనతో, ఆవిడ ఇంకా ఎన్నాళ్ళో బతకాలి కదా. ఇది అర్థమవడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. అర్థమయింది కానీ చేదు పోలేదు.

పిల్ల పుట్టింది. బంగారంలాంటి పిల్ల. మామగారు మొహం చూడకుండా ముందు పెదవి తడిమి చూశారు, మొర్రి ఉందేమోనని. లేదు. ఆ లేకపోవడం ఆయనకి తృప్తినివ్వలేదు. అప్పటినుంచి ఎదురుచూపులు. పళ్ళు ఆలస్యంగా వస్తే గ్రహణం. లెక్కల్లో తప్పితే గ్రహణం. సంబంధం ఒకటి తప్పిపోతే, వాళ్ళు కాదన్నందుకు కాదు, గ్రహణం. ఈ మాటలు వింటూ పెరిగిన పిల్ల చివరికి వాటిని తనే అనుకోవడం నేర్చుకుంది. దాని మొగుడు ఉండి అనే ఊరి దగ్గర రొయ్యల చెరువు వేసి నష్టపోతే, నా దగ్గర కూర్చుని ఏడుస్తూ, “నీ కడుపులో ఉండగానే నా రాత అయిపోయిందమ్మా,” అంది. రొయ్యలకి వైరస్ వస్తే సూర్యుడేం చేశాడే అని అరిచాను. అది వినలేదు. నా జన్మలో నేను చూసిన ఒకే ఒక అందమైన వస్తువు, నా కూతురికి శాపం అయి కూర్చుంది.

అందుకే ఈ పున్నమికి బుడ్డి మేడ ఎక్కాలని నాకు అంత పట్టుదల. ఎక్కితే, పుట్టే బిడ్డ హాయిగా పుడితే, మా అమ్మాయికి తన తలరాత మీద ఉన్న ఆ మచ్చ పోతుందని నా ఆశ. సాయంత్రం పోట్లాట అయ్యాక, మా అమ్మాయి స్నానానికి వెళ్ళింది చూసి, బుడ్డి గది తలుపు తోసి, పదవే, పొడిచే వేళయింది అన్నాను. అది చెవుల్లోంచి ఆ ఇయర్‌ఫోన్ల పుల్లలు తీసి నా వైపు తిరిగింది.

“నేను రాను అమ్మమ్మా.”

“మీ అమ్మ బెదిరించిందా?”

“అమ్మ కాదు. మా అత్తగారు పొద్దున్నించీ ఫోన్లు. అదీ కాదులే. ఏమీ అవదని నాకు తెలుసు.”

“తెలిసి?”

“రేపు వీడికి జలుబు చేసినా, నువ్వు ఆ రోజు మేడ ఎక్కావు కదా అంటారు. పదేళ్ళ తర్వాత మార్కులు తగ్గినా అదే అంటారు. నిన్ను అన్నారు కదా. నువ్వు పడ్డావు. నేను పడలేను అమ్మమ్మా.”

అది లేచి వచ్చి, నా భుజం తట్టి, మెల్లగా నన్ను గుమ్మం దాటించి తలుపు వేసుకుంది. గడియ లోపలి వైపు పడిన చప్పుడు విన్నాను. కిటికీ తెర లాగిన చప్పుడు కూడా విన్నాను. ఎవరూ గోనెసంచులు కొట్టలేదు, ఎవరూ కాపలా కూర్చోలేదు. నెలకోసారి రాకెట్టు ఎగరడం చూసి నాకు పంపే పిల్ల, తనంతట తాను, చల్లటి ఏసీ వేసుకుని, వెల్లకిలా పడుకుంది.

నేను ఒక్కదాన్నే మేడ ఎక్కాను. మోకాళ్ళు పట్టుకుని, మెట్టుకోసారి ఆగి. మేడ మీద బట్టలు ఎండ తగిలి పెళపెళలాడుతున్నాయి, తీసేవాళ్ళు లేరు. చుట్టుపక్కల మేడలన్నీ ఖాళీ. ఉల్లిపాయల గోడౌన్ల వెనక నుంచి, దుమ్ములో, చంద్రుడు ఎర్రగా పొడిచాడు. ఒక పక్క ముక్క లేదు. రంగు డబ్బా బోర్లించుకుని కూర్చుని, ముక్క మళ్ళీ అతుక్కునేదాకా చూశాను. ఆ చంద్రుడి చుట్టూ మనుషుల్ని తిప్పి తెస్తామని, ఎక్కడో ఏదో కారుతోందని వాయిదాల మీద వాయిదాలు వేస్తున్నారు పాపం. వాళ్ళు వెళ్తారు, వస్తారు, నేను ఫోన్‌లో చూస్తాను. ఎవరూ పిలవని పేరంటానికి ముందుగా వచ్చి కూర్చున్న ముసలమ్మలా ఉన్నానని నాకే అనిపించింది. నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళప్పుడు కదలకుండా పడుకోబెడితే చూశాను, ఇప్పుడు ఎక్కడికైనా కదలొచ్చు, చూపించడానికి పక్కన మనిషి లేదు. ఆరిన బట్టలు తీసి మడత పెట్టుకుని దిగాను. వట్టి చేతులతో దిగడం నాకు చేతకాదు.

మర్నాడు పొద్దున్నే మా అమ్మాయి ఇల్లంతా కడిగింది. దర్భలు వేసినా సరే, రాత్రి మిగిలిన కూర పారబోసింది, అందుకు నేను తిట్టాను. బుడ్డి లేచి వచ్చి, కాఫీ తాగుతూ, ఏ దేశంలోనో ఎవరో తీసిన గ్రహణం ఫోటో తన స్టేటస్‌లో పెట్టుకుంది. “చూశావా అమ్మమ్మా, ఎంత బాగొచ్చిందో,” అని ఫోన్ నా ముందుకి చాపింది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. బాగానే ఉంది అన్నాను.